జగత్తు నిజమని మనమెఱుగుదుమా?

మన కంటికి కనబడు ఈ జగత్తు నిజముగా ఉన్నదా, లేక మనస్సు కల్పించుకొనిన చిత్రమా అను ప్రశ్న పండితులకే సంబంధించినదని పెక్కుమంది తలంతురు. ఆ తలంపు సరికాదు. మన దేశమున ఈ ప్రశ్న మఠములను విడిచి ఇంటి అరుగులమీదికి ఏనాడో వచ్చినది. పొరుగువాని యిల్లు వరదలో మునిగినప్పుడు "అంతయు మాయ" అని నిట్టూర్చి ఊరకుండు గృహస్థుడే, తన చేనిగట్టు జానెడు జరిగినయెడల దస్తావేజులు చంకబెట్టుకొని వకీలు ఇంటికి వచ్చును. మొదటి సందర్భమున జగత్తంతయు మిథ్య. రెండవ సందర్భమున జానెడు నేలయు పరమసత్యము. ఒకే మనుష్యునియందు ఈ రెండు సిద్ధాంతములును ఎట్లు ఇముడుచున్నవి? దీనికి సమాధానము చెప్పవలెనన్నచో, జగత్తును గుఱించి మనకు నిశ్చయముగా తెలిసినదెంత, తెలియనిదెంత అని ముందుగా విచారింపవలయును.

సందేహమునకు కారణము లేకపోలేదు. ఇంద్రియములు మోసగించుట అందఱును ఎఱిగినదే. ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు రైలులో పోవువానికి దగ్గఱి కొబ్బరిచెట్లు వెనుకకు పరుగిడుచున్నట్లును, దూరపు తాడిచెట్లు తనతోకూడ వచ్చుచున్నట్లును తోచును. తాడేపల్లిగూడెము స్టేషనులో తన బండి ఆగియుండగా ప్రక్క పట్టాలమీది బండి కదలినచో, తన బండియే కదలినదని అతడు భ్రమించును. ఇక కలలో మనము చూచు ఊళ్ళును, మనుష్యులును మెలకువ వచ్చువఱకు నిజములే. ఒకప్పుడు మోసగించు ఇంద్రియములు ఎల్లప్పుడును మోసగించుచుండవనుటకు హామీ యేమి? ఫ్రాన్సు దేశీయుడగు డేకార్టు 1641లో ప్రకటించిన గ్రంథమున ఈ సందేహమును కడవఱకు నడిపించి, మహాశక్తిగల వంచకుడొకడు తన్ను సర్వవిషయములందును మోసగించుచుండవచ్చునుగదా యని తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఐర్లండు దేశీయుడగు బార్కిలీ 1710లో జడపదార్థమనునదియే లేదని వాదించెను. కంప్యూటర్లు వ్యాపించిన మన కాలమున, 2003లో నిక్ బాస్ట్రమ్ అను తత్త్వవేత్త, మనమందఱమును ఒక మహాగణనయంత్రములో నడచుచున్న అనుకరణమై యుండవచ్చునను వాదమును లోకము ముందుంచెను. వేషము మాఱినదిగాని ప్రశ్న పాతదే.

ఈ ప్రశ్న పడమటి దేశములనుండి మనకు దిగుమతియైనదని ఎవరును అనుకొనవలదు. ఏలూరునకు ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున పెదవేగి గ్రామము గలదు. శాలంకాయనులకును, పిమ్మట తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగీపురము ఇదియే. 7వ శతాబ్దమున మన దేశమును దర్శించిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగు, ఆంధ్రదేశపు రాజధానికి సమీపముననున్న ఒక కొండపై దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రమును రచించెనని వ్రాసియున్నాడు. ఆ రాజధాని వేంగియేయని చరిత్రకారులు గుర్తించిరి. కామవరపుకోట దాపున గుంటుపల్లి కొండలో నేటికిని నిలిచియున్న బౌద్ధగుహలను చూచినవారికి, ఆ మతము ఈ సీమలో ఎంత లోతుగా వేరూనినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ దిఙ్నాగుడే "ఆలంబనపరీక్ష" యను చిన్న గ్రంథమును రచించెను. దాని కారికలు ఎనిమిదే. సంస్కృతమూలము నశింపగా టిబెట్టు, చైనా భాషానువాదములలో అది నిలిచినది. వాని సాహాయ్యమున అయ్యస్వామిశాస్త్రిగారు మరల సంస్కృతీకరించిన పాఠము 1942లో అడయారునందు ప్రకటింపబడినది. అందలి వాదము ఇట్టిది. మన జ్ఞానమునకు వెలుపలి వస్తువు విషయము కావలెనన్నచో రెండు లక్షణము లుండవలయును: అది జ్ఞానమును పుట్టింపవలయును, జ్ఞానమునందు తోచు ఆకారమును తానును కలిగియుండవలయును. పరమాణువులు జ్ఞానమును పుట్టించిన పుట్టించుగాక, వాని ఆకారము మనకు తోచుట లేదు. కుండను చూచువాడు కుండను చూచుచున్నాడుగాని పరమాణువులను చూచుట లేదు. పోనీ, పరమాణువుల సమూహమే విషయమందమా? సమూహము తోచుచున్నదిగాని, పరమాణువులకంటె వేఱుగా అది ద్రవ్యము కాదు; ద్రవ్యము కానిది దేనిని పుట్టించును? కంటిదోషముగలవానికి రెండు చంద్రులు కనబడినంతమాత్రమున రెండవ చంద్రుడు ఏ జ్ఞానమునకును కారణము కానేరడుగదా! కావున వెలుపలనున్నట్లు తోచు రూపము నిజమునకు జ్ఞానములోపలిదే యని ఆయన సిద్ధాంతీకరించెను.

ఈ వాదమును నవ్వి త్రోసివేయుట విజ్ఞుల లక్షణము కాదు. నేటి భౌతికశాస్త్రమును మనము గట్టిదనుకొను బల్లను విప్పి, అందు అత్యంతసూక్ష్మములగు కణములనే చూపుచున్నది. బల్ల రంగుగాని నునుపుగాని ఆ కణములలో దేనికిని లేదు. పదునాలుగు వందల యేండ్లకుపైగా గడచినను, వేంగిలో వినబడిన ప్రశ్నకు పదును తగ్గలేదు.

దీనికి మొదటి ప్రత్యుత్తరము, జగన్మిథ్యావాదమునకు పెట్టినది పేరుగా లోకులు తలంచు శంకరాచార్యులవారినుండియే వచ్చుట గమనింపదగినది. బ్రహ్మసూత్రభాష్యము రెండవ అధ్యాయమున ఆయన విజ్ఞానవాదమును ఖండించుచు, లోపలి రూపమే వెలుపలిదానివలె తోచుచున్నదను దిఙ్నాగుని మాటనే పట్టుకొనెను. వెలుపలిదానివలె అనుటలోనే చిక్కున్నది. వెలుపలిది ఎన్నడును లేనేలేనియెడల, "దానివలె" అను పోలిక ఎక్కడినుండి వచ్చెను? ఫలానావాడు గొడ్రాలి కొడుకువలె ఉన్నాడని ఎవ్వడును అనడుగదా! కలకును మెలకువకును సామ్యము చెప్పువారికిని ఆయన బదులిచ్చెను: కలలోని వస్తువు మెలకువచేత బాధితమగుచున్నది, మెలకువలో చూచిన స్తంభము అట్లు బాధింపబడుట లేదు. బ్రహ్మజ్ఞానమునకు పిమ్మటి స్థితిని గుఱించి ఆచార్యులవారి సిద్ధాంతము వేఱు; అది ఇచ్చట విచార్యము కాదు. వ్యవహారదశలో బాహ్యవస్తువును కాదనుటకు ఆయన అంగీకరింపలేదనుట మాత్రము స్పష్టము. శంకరుల పేరు చెప్పి పొరుగువాని కష్టమును మిథ్యయని కొట్టివేయువారు శంకరుల భాష్యమును విప్పిచూచినవారు కారు.

పై ప్రత్యుత్తరములోని సారమును న్యాయస్థానపు భాషలో చెప్పవచ్చును. ఒక సాక్షి అబద్ధమాడినాడని చూపవలెనన్నచో, నమ్మదగిన మఱియొక సాక్షినో, పత్రమునో తేవలయును. ఏ సాక్షియు నమ్మదగడని ప్రారంభించినవాడు, ఈ సాక్షి అబద్ధమాడినాడనియు చెప్పజాలడు. తాడేపల్లిగూడెము స్టేషనులో భ్రమపడిన ప్రయాణికుడు రెండవవైపు కిటికీలోనుండి ప్లాటుఫారమును చూచును. అది కదలుటలేదు, కావున కదలినది ప్రక్కబండియేయని తెలిసికొనును. ఒక చూపు తప్పని తెలిపినది మఱియొక చూపే. రెండు చంద్రులు భ్రాంతియని మనకెట్లు తెలిసినది? ఒక చంద్రుని చూచిన కన్నులవలననే. కల అబద్ధమని ఎట్లు తెలిసినది? మెలకువవలననే. సర్వమును శంకించువాడు చూపు దృష్టాంతములన్నియు, కొన్ని ప్రత్యక్షములను నమ్మి కనిపెట్టిన తప్పులే. వానినే ఆధారము చేసికొని ప్రత్యక్షమంతయు తప్పనుట, కూర్చున్న కొమ్మను నఱకుకొనుట.

అయినను దిఙ్నాగుని సమూహవాదమునకు ఇంకను బదులు చెప్పవలసియున్నది. దానిని పరీక్షించుటకు కొల్లేటికంటె మంచి ఉదాహరణము మన సీమలో లేదు. కొల్లేరు ఎంత పెద్దది? ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో బదులు చెప్ప వీలులేదు. సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తుగల రేఖవఱకు కొలిచినచో 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల రేఖవఱకు కొలిచినచో 901 చదరపు కిలోమీటర్లు. వానకాలమున పొలములమీదికి ప్రాకును. వేసవిలో ముడుచుకొని, అంచులయందు నేల నెఱ్ఱెలు విచ్చును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసిన నీరు ఉప్పుటేటిగుండ సముద్రమునకు పోవుచునేయుండును. నేడున్న నీరు రేపు ఉండదు. మఱి కొల్లేరనునది ఏది? నీటిబొట్లు నిజములు, సరస్సనునది మనము పెట్టుకొనిన పేరుమాత్రమేయని దిఙ్నాగుని శిష్యుడు వాదింపవచ్చును.

దీనికి బదులు బౌద్ధాచార్యులలోనే దొరకుచున్నది. దిఙ్నాగుని మార్గమును పెంపొందించిన ధర్మకీర్తి, పని చేయగలుగుటయే వస్తువు లక్షణమని చెప్పెను. దానికి అర్థక్రియయని పేరు. దాహము తీర్చునది నీరు, తీర్చనిది ఎండమావి. ఒకచోట ఆయన, కూడిన పరమాణువులకు విడివిడిగా లేని సామర్థ్యము కలుగుననియు అంగీకరించెను. ఈ కొలబద్దతోనే కొల్లేటిని కొలుతము. ఒక్కొక్క నీటిబొట్టునకు వరదను మ్రింగు శక్తి లేదు, కొల్లేటికి గలదు. ఒక్కొక్క బొట్టు చేపను పెంచదు, కొల్లేరు పెంచును. ఏ పనిని అవయవములు విడివిడిగా చేయలేవో ఆ పనిని సమూహము చేయుచున్నది. కావున అది వట్టి పేరు కాదు. అంచులు స్పష్టముగా లేకపోవుట వస్తువు లేకపోవుట కాదు.

కాగితములమీద కొల్లేటిని లేకుండచేయుటకు జరిగిన యత్నము గత శతాబ్దపు చరిత్రలోనిదే. సరస్సుగర్భమున గట్లు పోసి, చేపల చెరువులు త్రవ్వి, ఇది సరస్సు కాదు భూమియేయని వాదించినవా రుండిరి. 1999లో 5 అడుగుల రేఖలోపలి ప్రదేశము వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్సారు ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా కొల్లేరు గుర్తింపబడెను. 2006లో ప్రభుత్వము అనేకములగు చెరువుగట్లను తెగగొట్టించెను. అచ్చటి జనుల జీవనోపాధికి సంబంధించిన న్యాయాన్యాయములు వేఱుగ విచారింపదగినవి. వానిని తేలికగా చూడరాదు. మన ప్రస్తుత ప్రశ్నకు కావలసినది ఇంతమాత్రమే: దస్తావేజు ఏమి చెప్పినను నీరు దానిని చదువదు. 2024 సెప్టెంబరు ప్రారంభమున బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీటికి దారి కొల్లేటిమీదుగానే. లంకగ్రామములకును ముంపు తప్పలేదు. ఆటపాకలో గూళ్ళు కట్టు గూడబాతులకు మన వేదాంతమును తెలియదు, మన రికార్డులును తెలియవు. అవి చేపలున్నచోటికే వచ్చును. మన యిచ్ఛకు లొంగక, మన మాటను ఖండించునది ఏదో అది మన మనస్సు సృష్టించినది కాదు. కల్పన కల్పించినవానికి ఇంతగా ఎదురు తిరుగదు.

"ఇంతమాత్రమున జగత్తు ఉన్నదని నిస్సంశయముగా నిరూపించితిరా?" అని ప్రతివాది అడుగవచ్చును. గణితమునందు త్రిభుజమును గుఱించి నిరూపించినట్లు నిరూపింపలేదని ఒప్పుకొందుము. మన జ్ఞానమును విడిచి వెలుపలికి పోయి, జ్ఞానమును వస్తువును ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. అయితే నిరూపణమనగా ఏమి? 1872 నాటి సాక్ష్యచట్టము దీనికి వివేకవంతమగు నిర్వచనము నిచ్చినది. తన ముందుంచబడిన విషయములను పరిశీలించి న్యాయస్థానము ఒక సంగతి ఉన్నదని నమ్మినను, లేక దాని సంభావ్యత ఆ పరిస్థితులలో వివేకియగువాడు దానిని ఉన్నదానిగా తలంచి నడచుకొనవలసినంత అధికమైనను, ఆ సంగతి నిరూపితమైనట్లే. 2024 జూలై 1 నుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను, ఈ నిర్వచనపు సారము మాఱలేదు. ఆ చట్టమే మఱియొక భేదమును మనకు నేర్పుచున్నది: సంగతి నిరూపితము కావచ్చును, ఖండితము కావచ్చును, ఈ రెండును కాక అనిరూపితముగా ఉండవచ్చును. జగత్తు గణితరీతిని అనిరూపితమని మొదలుపెట్టి, వాక్యము ముగియునంతలో ఖండితమైనదని తేల్చుటయే మిథ్యావాదులలో పెక్కుమంది చేయు జాఱుపాటు. చిన్న కోర్టులోనైనను ఈ జాఱుపాటు చెల్లదు.

మహాగణనయంత్రపు వాదమునకును ఇదియే బదులు. ఒకవేళ ఈ జగత్తు పరమాణువులతో గాక అంకెలతో నిర్మింపబడినదనుకొందము. లేదా బార్కిలీ చెప్పినట్లు ఈశ్వరుని భావములతో నిర్మింపబడినదనుకొందము. అప్పుడు తేలినది జగత్తు దేనితో చేయబడినదనుట. అది లేదనుట కాదు. ఇల్లు ఇటుకలదో మట్టిదో తెలియకపోయినను, ఇల్లు కాలుచున్నప్పుడు లోపలివారు కాలుచున్నారనుట తెలియుచునేయున్నది. "దేనితో" అను ప్రశ్న శాస్త్రజ్ఞులకును తత్త్వజ్ఞులకును విడువదగినది. "ఉన్నదా" అను ప్రశ్నకు మాత్రము మనము ప్రతిదినము మన నడవడిచేత బదులు చెప్పుచునేయున్నాము.

ఇక్కడ విచారము నీతిశాస్త్రపు గడపను త్రొక్కుచున్నది. జగత్తు మిథ్యయను మాట మన సంఘమున ఏ వేళల వినబడుచున్నది? ధాన్యపు ధర పలుకునప్పుడు వినబడదు. కట్నకానుకల నిర్ణయమునందు వినబడదు. వారసత్వపు వ్యాజ్యములలో వినబడదు. కూలివాని ఆకలియు, వితంతువు దుఃఖమును, అంటరానివాడని దూరముంచబడినవాని అవమానమును ప్రస్తావనకు వచ్చినప్పుడే వినబడును. సిద్ధాంతమైనచో అది రెండువైపులను సమానముగా కోయవలయును. ఆకలి మిథ్యయైనచో దానిని తీర్చు అన్నమును మిథ్యయే. మిథ్యయగు అన్నమును మిథ్యయగు ఆకలికి ఇచ్చివేయుటకు సంకోచమేల? వ్యవహారదశలో నా గట్టు సత్యమైనచో, అదే దశలో పొరుగువాని గాయమును సత్యమే. తన సొత్తునకు ఒక ప్రమాణమును, పరుల బాధకు మఱియొక ప్రమాణమును వాడుట తత్త్వజ్ఞానము కాదు, తప్పుడు త్రాసు.

ఈ విషయమున ఆ బౌద్ధాచార్యుల నిజాయితీ మనకు ఆదర్శము కాదగును. పరుని బాధ మనకెన్నడును ప్రత్యక్షము కాదు. వాని ముఖమును చూచి, మూలుగును విని ఊహించుకొనుచున్నాము. బాహ్యార్థము లేదనువానికి పరుడు లేడనుట మిక్కిలి సులభము. అయినను ధర్మకీర్తి ఆ సులభమార్గమును త్రొక్కక, వెలుపలి వస్తువులను అంగీకరింపని పక్షమున నిలిచియు ఇతరుల చిత్తములు గలవని నిరూపించుటకు "సంతానాంతరసిద్ధి" యను ప్రత్యేకగ్రంథమును రచించెను. కుండను కాదన్న తర్కమును పొరుగువానిని కాదనుటకు ఆయన వినియోగింపలేదు. మన అరుగుమీది వేదాంతులు కుండను భద్రముగా దాచుకొని పొరుగువానినే కాదనుచున్నారు.

ఏలూరులోనే ఈ మాటకు ఇటీవలి దృష్టాంతము గలదు. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలుకొని కొలది దినములలో ఆ పట్టణమున ఐదువందలమందికిపైగా జనులు ఉన్నట్లుండి మూర్ఛలతో పడిపోయిరి. కారణము ఎవరి కంటికిని కనబడలేదు. నీటిలోనా, గాలిలోనా, ఆహారములోనా అని వైద్యులు తర్కించిరి. ఢిల్లీ ఎయిమ్సువారు పరీక్షించిన రక్తమున సీసమును, నికెలును కనబడినవి; పురుగుమందుల శేషములను మఱికొన్ని పరిశోధనసంస్థలు వేలెత్తిచూపెను. కారణము కనబడలేదు గావున మూర్ఛ లేదని ఎవ్వరును అనలేదు. మూర్ఛ పరులది గావున మనకు తెలియదనియు అనలేదు. కారణము తేలకముందే రోగులను ఆసుపత్రికి మోసికొనిపోయిరి. వారిలో పెక్కుమంది త్వరలోనే కోలుకొనిరి. కంటికి కనబడని విషమును అనుమానప్రమాణముచేత వెదకుటయు, కనబడిన బాధకు వెంటనే చేయి అందించుటయు ఒకే నమ్మకమునుండి పుట్టినవి: మన తలంపులకు వెలుపల ఒక లోకమున్నది, అందు మనవంటివారు ఉన్నారు.

విజ్ఞులగు పాఠకులారా, సందేహించుటను విడువుడని మేము చెప్పుట లేదు. సందేహము లేనిచో వేంగిలో హేతువిద్యయును లేదు, నేటి శాస్త్రమును లేదు. ప్రతి చూపును వేఱొక చూపుతోను, ప్రతి వార్తను వేఱొక సాక్షితోను, ప్రతి ఆచారమును దాని ఫలముతోను సరిచూడుడు. మేము వారించునది, పరీక్షింపకుండ తప్పించుకొనుటకు సందేహమును సాకుగా పెట్టుకొనుటను మాత్రమే. జగత్తు ఉన్నదని మనకు తెలియు విధము దానిని చూచుచు కూర్చుండుటచేత పూర్తికాదు. మన తప్పును అది ఖండించినప్పుడు తలయొగ్గుటచేతను, అది మననుండి కోరు పనిని చేయుటచేతను ఆ ఎఱుక బలపడును. జానెడు గట్టు కొఱకు మనము చూపు నమ్మకమును, వరదలో మునిగిన పొరుగువాని యింటియెడలను చూపుదము. అంతకంటె గొప్ప నిరూపణమును జగత్తు మననుండి అడుగుట లేదు.